బోర్లా పెట్టిన డస్టర్

ప్రిన్సిపల్ కిరణ్మయి పొద్దున ఫోన్ తెరిచేసరికి, తన స్కూలు సైన్స్ మాస్టారు పిల్లలకు పచ్చి తప్పు నేర్పుతున్న వీడియో పేరెంట్స్ గ్రూపులన్నీ చుట్టేసింది.

వీడియోలో ఓంకార్ తొమ్మిదో తరగతి బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

"శబ్దం వెలుగు కన్నా వేగంగా ప్రయాణిస్తుంది. అందుకే ముందు ఉరుము వినిపిస్తుంది, తర్వాత మెరుపు కనిపిస్తుంది. రాసుకోండి" అంటూ డస్టర్ వైపు చెయ్యి చాపాడు.

అక్కడితో వీడియో ఆగిపోయింది.

'ఈ సార్ అసలు ఏ స్కూల్లో చదివాడు?' అని ఒకరు. 'మాదాపూర్ అంతా మన స్కూలు గురించే నవ్వుకుంటోంది' అని ఇంకొకరు.

చైర్మన్ ఫోన్ చేశాడు. "సాయంత్రం బెల్లు కొట్టేలోగా ఆయన గేటు బయట ఉండాలమ్మా."

కిరణ్మయి ఓంకార్‌ని పిలిపించింది. దసరా సెలవుల తర్వాత చేరిన మనిషి. గుబురు గడ్డం. స్టాఫ్ రూమ్‌లో నోరు విప్పడు. క్లాసులోకి వెళ్తే మాత్రం పిల్లల నవ్వులు హఫీజ్‌పేట్ స్టేషన్ దాకా వినిపిస్తాయి.

అతను వీడియో చూశాడు. మళ్లీ చూశాడు. మొహం పాలిపోయింది.

"సరిగ్గా ఇక్కడే ఆపారా?" అన్నాడు మెల్లగా.

"ఎవరు తీశారో తెలుసా?"

అతను కారిడార్ వైపు చాలాసేపు చూశాడు.

"తర్వాత ఏం జరిగిందో పిల్లల్ని అడగండి మేడమ్. అది చాలు."

"అంత టైమ్ లేదండీ. చైర్మన్ గారు చెప్పేశారు."

అతను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తొమ్మిదో తరగతిలో చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దానికి కిరణ్మయికే భయం వేసింది.

ఆఫీసు గది తలుపు తోసుకుని ఆ క్లాసు పిల్ల వర్షిత వచ్చింది. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా సార్‌ను ఎందుకు ఎళ్లగొట్టిండ్రు మేడమ్?"

"తప్పు చెప్పారమ్మా. నువ్వూ విన్నావుగా."

"రోజూ ఒక తప్పు చెప్తడు మేడమ్! కావాలనే చెప్తడు. దాన్ని మేం పట్టుకోవాలె. గదే ఆట!"

కిరణ్మయి కుర్చీలో ముందుకు జరిగింది.

"ఆ దినం నేనే పట్టిన. మా నాయిన ఫ్లైఓవర్ పనికి పోతడు. మా డాబా మీదికెళ్లి చూస్తే సమ్మెట పడేది ముందు కనబడ్తది, సప్పుడు తర్వాత ఇనబడ్తది. గదే చెప్పిన. సార్ నా చేతిల చాక్‌పీస్ పెట్టి, పోయి నా సీట్ల కూసున్నడు. నన్ను పాఠం చెప్పమన్నడు. అందరు సప్పట్లు కొట్టిండ్రు. నేను క్లాస్‌ల గొంతెత్తింది గప్పుడే మేడమ్."

"వీడియోలో అదేదీ లేదే?"

"గదే మోసం! తప్పు చెప్పినంక సార్ డస్టర్ బోర్లా పెడ్తడు. గప్పుడే మేం చెయ్యెత్తాలె. డస్టర్ ముట్టకముందే బంద్ చేసిండ్రు. సైగ బయట చెప్పొద్దని క్లాసంత ఒట్టేసుకున్నం."

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మీరన్న ఒక్కపారి మా క్లాస్‌ల కూసుంటే తెలుస్తుండె."

కిరణ్మయి ఓంకార్‌కి ఫోన్ చేసింది. స్విచాఫ్.

వీడియో మళ్లీ చూసింది. కారిడార్ కిటికీలోంచి తీసిన వీడియో అది. స్కూల్లో పిల్లలకు ఫోన్లు ఉండవు. ఆ పీరియడ్‌లో క్లాసు లేని మాస్టారు ఒక్కరే.

లెక్కల మాస్టారు సీతారామాంజనేయులు. స్కూల్లో అందరికన్నా పెద్దాయన. ఓంకార్ చేరిన రోజు పక్క కుర్చీ లాగి కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఆయన్ని తన గదికి పిలిపించింది.

"కూర్చోండి మాస్టారూ. ఓంకార్ ఫోన్ కలవడం లేదు."

"పోనీలెండి మేడమ్. తప్పు చెప్పినవాణ్ణి ఎన్నాళ్లని మోస్తాం?"

"క్లాసులో ఆయన ఏదో సైగ చేస్తారటండీ. అది తెలిసినవాళ్లే వీడియో అక్కడ ఆపారు."

ఆయన నవ్వబోయారు. "డస్టర్ బోర్లా పెట్టడం కూడా ఒక సైగేనా అండీ?"

"డస్టర్ అని నేను అనలేదు మాస్టారూ."

నవ్వు సగంలో ఆగింది. ఆయన కళ్లజోడు తీశారు.

"తీసింది నేనేనండీ" అన్నారు. "ఎక్కడ ఆపాలో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఆట నాదే. తణుకులో ట్యూటోరియల్ నడిపిన రోజుల్లో పిల్లల చేత ఆడించేవాణ్ణి. బుల్లిబాబని అందరూ ముద్దుగా పిలిచే ఒక కుర్రాడుండేవాడు. నేను డస్టర్ తిప్పేలోపే వాడి చెయ్యి పైకి లేచేది. ఈ ఊరొచ్చాక సిలబస్, సిలబస్ అని పరిగెత్తి నేనే ఆ ఆట మానేశాను. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు గోడ గడియారం చూస్తారు. మొన్న కారిడార్‌లో పోతుంటే నా క్లాసు వినిపించిందండీ, వేరేవాడి నోట్లోంచి. నాది ఎవడో ఎత్తుకుపోయాడనిపించింది. ఫోన్ తీశాను."

"మీరేనని ఓంకార్‌కి తెలుసా?"

ఆయన కళ్లజోడు మడిచి బల్ల మీద పెట్టారు.

"నిన్న గేటు దగ్గర నాకోసం ఆగాడు. వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. చేరిన రోజు నుంచీ నేను పోల్చుకుంటానేమోనని చూశాడట. 'ఆట సగంలో ఆగిపోయింది, మిగతాది మీరే పిల్లల చేత ఆడించండి సార్, నేను బుల్లిబాబుని' అన్నాడండీ."