ట్యాగు కిటికీలో ఫోటో

కంప్యూటర్లో ఆల్బములు చేసుకునేవాళ్ళ కోసం నేను గీసిన ట్యాగుల (ఫోటో పెట్టుకునే అలంకరణ చీటీల) కిట్‌ను అమ్మకానికి పెట్టాక గానీ చూసుకోలేదు. "నా చిట్టితల్లి" అన్న ట్యాగులో గుండ్రటి కిటికీ సరిగ్గా తెరుచుకుందో లేదో చూడటానికి కింద పెట్టిన ఫోటోను తీసెయ్యడం మరిచిపోయాను.

ఆదరాబాదరాగా ఫైలు మార్చాను. అప్పటికే ఒకరు కొనేశారు.

అంతలో అక్క ఫోను.

"పాప ఆల్బమ్‌కని నీ కిట్ కొన్నానే. ఇందులో మా పాపే ఉందేంటి?"

"నమూనాకి పెట్టానక్కా. ఏదో చేతికందింది..."

అక్క గొంతు తగ్గించింది. "నువ్వు దాన్ని నా ఒళ్ళో పెట్టకముందు తీసింది కదే ఇది! అన్నీ చెరిపేశానని ఒట్టేసి చెప్పావుగా."

ఈలోగా పాప అక్క పక్కకి వచ్చినట్టుంది.

"ఫోటోలో తనని ఎత్తుకున్న చేతులు ఎవరివని అడుగుతోందే. ఏం చెప్పను?"

"పిన్ని చేతులని చెప్పక్కా."