పోలిక గుడ్డు

అటెండరు చొక్కా జేబులు రెండూ తడుముకున్నాడు. కోడిగుడ్డు లేదు.

"ఇంట్లో మర్చిపోయానమ్మా," అన్నాడు పక్షుల డాక్టరమ్మతో. "మా కోడిపెట్టే దాచేసుంటుంది. నేనంటే దానికి ముందునుంచీ పడదు."

ఆవిడ నవ్వలేదు. బల్ల మీద ట్రేలో సముద్రపు పక్షుల గుడ్లు, పక్కనే చచ్చిన పిల్లలు రెండు. ఒకదాని ముక్కు కత్తెరలా అడ్డం తిరిగింది. రెండోదానికి కళ్లే లేవు. మూడు నెలలుగా తీరమంతా ఇవే. అణు కర్మాగారం గొట్టంలోంచి సముద్రంలో కలిసే నీళ్ల వల్లేనని ఆవిడ నమ్మకం. కానీ రేడియేషన్ కొలిచే మిషనే ఒప్పుకోదు. ముందు మంచి కోడిగుడ్డొకటి పెట్టి, అందులో ఉన్నది ఒక వంతు అనుకోవాలి. పక్షి గుడ్డులో దానికి ఎన్ని రెట్లుందో సూది చెబుతుంది. ఆ కోడిగుడ్డు మొదటిరోజు నుంచీ అటెండరు ఇంటిదే. సూది ఏనాడూ ఒకటి దాటలేదు. ఇవాళా దాటకపోతే పరిశోధన కట్టిపెట్టమని పైనుంచి కాగితం వచ్చింది.

ఆవిడ దిగులు పోగొడదామని అటెండరు తన పెట్ట గొప్పలు ఎత్తుకున్నాడు. అది గింజ ముట్టదట, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపలే దాని భోజనమట. ఏడో నెల కడుపుతో పుట్టింటికొచ్చిన కూతురు పూటకో గుడ్డు తింటోందట. మనవడు లోపల్నుంచి తన్నే తన్నుకి మంచం గోడదాకా జరిగిపోతోందట.

"కోతలు చాలు బాబాయ్. క్యాంటీన్లో అడిగి ఒకటి పట్రా."

తెచ్చాడు. ఎక్కడో దూరపు ఫారం నుంచి లారీలో వచ్చిన గుడ్డది. ముందు దాన్ని పెట్టి తీసి, తర్వాత పక్షి గుడ్డు పెట్టింది డాక్టరమ్మ.

సూది విసురుగా లేచి పన్నెండు దగ్గర ఆగింది.

ఆవిడ వంగి సూదిని దగ్గరగా చూసింది. ఇంకో పక్షి గుడ్డు పెట్టింది. పన్నెండే.

"దొరికింది బాబాయ్." "ఇన్నాళ్లూ ఈ మిషనే మొరాయించిందన్నమాట."

అంతలో అటెండరు అల్లుడు వచ్చి, రుమాల్లో చుట్టిన ఇంటి గుడ్డు మామ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"ఇదీ ఓసారి పెట్టమ్మా," అన్నాడు అటెండరు. "లేకపోతే మా పెట్ట నన్ను గడప తొక్కనివ్వదు."

ఈసారి ఆవిడ నవ్వి, పెట్టింది.

సూది పన్నెండు దగ్గరే ఆగింది.