వెనక గేటు కాపలా

“వెనక గేటు దగ్గర పిన్నికి కాపలా. బాబాయ్, అది మీరు చూసుకోండి” అని మెకానిక్ అందరి ముందూ అనేసరికి టైలరమ్మ ముఖం మాడిపోయింది.

కొత్త ప్రార్థన మందిరం ప్రారంభం ఆ రోజే. జనం విరగబడి వస్తారని, సభ్యుల్లోంచే కొందరిని ఏరి భద్రతా బృందం తయారుచేశారు. దానికి పెద్ద ఈ మెకానిక్. స్వయానా టైలరమ్మ అక్క కొడుకు. వాడే ఆమె చేతిలో నారింజ రంగు కోటు పెట్టి, మెళ్లో ఈల వేశాడు.

“నేను కాపలా ఏంట్రా? మరి ప్రారంభ గీతమో?” అంది.

“దొంగ కనబడితే నువ్వు ఒక్క కేక వేస్తే చాలు పిన్నీ, హాలు హాలంతా లేచొస్తుంది. అంత గొంతు ఇంకెవరికుంది చెప్పు? పాట టైముకి కబురు చేస్తాలే.”

గొంతు మాట ఎత్తేసరికి ఆమె మెత్తబడిపోయింది. సరేనంది.

మందిరం రేకుల షెడ్డులో ఉన్న రోజుల నుంచీ పాడుతున్న గొంతు అది. ఆమె ఎత్తుకుందంటే పక్కన పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆపేసేవారు. కీబోర్డు వాయించే మాస్టారైతే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. అంతగా లీనమైపోయేవాడు పాపం. కొత్త హాల్లో మోగే మొదటి పాటలో తన గొంతు ఉండాలని ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. నెలరోజులుగా మిషన్ తొక్కుతూ అదే పాట, అన్నం వడ్డిస్తూ అదే పాట.

తీరా వెళ్లి చూస్తే వెనక గేటుకి తాళం వేసి ఉంది.

“తాళం వేసిన గేటుకి కాపలా ఎందుకండీ?” అని మొగుడి మీద విరుచుకుపడింది.

“పగలగొడితే?” అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తొణకడు, బెణకడు. పైగా వాకీటాకీ ఆయనకిచ్చారు, ఈమెకి మాత్రం ఈల. ఆ మంట ఒకటి.

ఆ సందులో ఈగ కూడా వాలలేదు. అవతలవైపు కార్ల హారన్లు, పలకరింపులు, నవ్వులు. ఇక్కడ చెత్త డబ్బాలు, నీళ్ల మోటారు. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

కాసేపటికి పక్క వీధి ముసలావిడ దారి తప్పి గేటు దాకా వచ్చింది. ఊచల్లోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఇదేంటమ్మా, ఇక్కడున్నావు? ఇవాళ పాడటం లేదూ?”

“నా ఖర్మ. ఇక్కడ పడేశారు.”

“అయ్యో! అయితే ముందు వరసలోనే కూర్చుంటాను” అంటూ ఆవిడ వయసు మరిచిపోయి గబగబా నడిచింది.

“చూశారా, అందరూ ముందు వరసలు పట్టేసుకుంటున్నారు” అని టైలరమ్మ పళ్లు కొరికింది. “కబురొచ్చిందేమో ఆ డబ్బా ఒకసారి చూడండి.”

ఆయన అటు తిరిగి వాకీటాకీ చెవికి ఆనించుకున్నాడు. “ఆ... ఇక్కడే. ఆ, ఫర్వాలేదు” అని గొణిగి పెట్టేశాడు.

“ఏమంటున్నాడు?”

“కదలొద్దంటున్నాడు.”

అంతలో గోడ అవతల కీబోర్డు మోగింది. అదే పాట! తను లేకుండానే మొదలుపెట్టేశారు. టైలరమ్మ చివాల్న లేచింది.

“మర్చిపోయాడు వెధవ! నేను వెళ్తున్నా.”

“గేటు వదిలేసి వెళ్తే ఎలాగే? ఏదైనా జరిగితే మాట ఎవరికొస్తుంది?”

ఆ మాట ఆమె కాళ్లకి అడ్డం పడింది. ఒప్పుకున్న పని సగంలో వదిలే మనిషి కాదు. బట్ట ఇచ్చిన మర్నాటికల్లా జాకెట్టు కుట్టి చేతిలో పెట్టే రకం. పోనీ ఇక్కడి నుంచే అందుకుందామని గొంతు సవరించుకుంది.

“డ్యూటీలో పాడకూడదు” అన్నాడాయన కంగారుగా. జన్మలో మొదటిసారి ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

ఆమె కూలబడింది. గోడ అవతల పాట సాఫీగా సాగిపోయింది. ఎక్కడా తడబాటు లేదు. తన కోసం ఎవరూ ఆగలేదు, వెతకలేదు. చివరి చరణం అయ్యాక చప్పట్లు మోగాయి. అలాంటి చప్పట్లు ఆ షెడ్డులో ఆమె ఏనాడూ వినలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

“ఊరుకో. రేపటి నుంచి రోజూ పాడుకోవచ్చుగా” అన్నాడాయన.

“రేపు పాడితే అది మొదటి పాట అవుతుందా?”

ఆయన ఆమె ముఖంలోకి చూడలేక, మంచినీళ్లు తెస్తానని వాకీటాకీ కుర్చీలో పడేసి మందిరం వంటగది వైపు వెళ్లాడు.

ఆమె ముక్కు చీదుకుంటూ దాన్ని చేతిలోకి తీసుకుంది. కనీసం ఇప్పుడైనా దులిపేద్దామని నొక్కాల్సిన బటన్ కోసం వెతుకుతుండగా అది గరగరమని, మెకానిక్ గొంతుతో హాయిగా ఊపిరి పీల్చుకుంది.

“బాబాయ్, పాట గండం గడిచింది, ఇక పిన్నిని లోపలికి వదిలేయండి!”