వంకర దూలాలు

"చూశావా? మళ్లీ కిటికీ వైపే పరిగెత్తింది!"

అడ్డదూలాల మీద వేసిన పలక మీంచి దొర్లిపోతున్న గోళీని ఒడిసిపట్టి, అతను భార్య వైపు గెలిచినవాడిలా చూశాడు. నేల చెక్కలన్నీ ఊడదీసి గోడకు చేర్చారు. బయటపడ్డ తొమ్మిది దూలాల్లో ఏ రెండూ ఒక ఎత్తులో లేవు.

"నీ మొదటాయన పనితనం అమోఘం. కళ్లు మూసుకుని వేశాడా ఏమిటి?"

ఆమె ముఖం చిన్నబోయింది. "అప్పుడు రోజూ ఆసుపత్రి చుట్టూ తిరగడమేనండీ. పైగా వానలు ముంచుకొచ్చాయి. దొరికిన తీరికలో అయిన పని అది."

"చాల్లే, వెనకేసుకొచ్చింది చాలు."

మగవాడికీ సవతి పోరు ఉంటుందని అతనికి ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది. పెళ్లయి నాలుగు నెలలు. పోయిన మనిషి ఫొటోతో అతనికి పేచీ లేదు, పేచీ అంతా ఈ నేలతోనే. "దీన్ని ఎవరిచేతా వేయించలేదు, మేమే వేసుకున్నాం" అని మొదటిరోజే ఆమె మురిసిపోతూ చెప్పింది. అప్పటినుంచి ఆ గదిలో అడుగు పెడితే చాలు, అతనికి ఒళ్లు మండేది. అందుకే ఆఫీసుకు వారం సెలవు పెట్టి మరీ పనిలోకి దిగాడు. తన నేల బాగుందని ఆమె నోట ఒక్కమాట వినాలి, అంతే.

ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి కట్టాడు. ఎత్తుగా ఉన్న దూలాలను చిత్రిక పట్టాడు. పల్లంగా ఉన్నవాటి కింద చెక్కముక్కలు దూర్చాడు.

"నాలుగోదానికి వేలు మందం ముక్క సరిపోతుందండీ" అంది ఆమె గుమ్మంలోంచి.

రసమట్టం పెట్టి చూస్తే సరిగ్గా అంతే. ఇదీ ఆయనగారు నేర్పిన విద్యే అయ్యుంటుందని అతను పళ్లు నూరాడు.

"ఈ మేకులు చూడు, అన్నీ ఒకేవైపు వాలాయి. మహానుభావుడిది ఎడమచేతి వాటం కాబోలు!"

ఆమె టీ గ్లాసు ఎడమచేత్తో అందించబోయి, తడబడి కుడిచేతికి మార్చుకుంది. అతను దూలం మీంచి తల ఎత్తితే కదా!

ఆరోరోజుకు గోళీ పెట్టినచోటే నిలిచింది. ఇక గోడవార దూలం ఒక్కటే మిగిలింది. ఎనిమిదోదానికి ఆఖరి మేకు కొడుతూ అడిగాడు.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ." ఆమె మనస్ఫూర్తిగానే అంది. "ఆ చివరి దూలం మాత్రం కదపకండి. అలాగే ఉండనివ్వండి."

సుత్తి గాల్లోనే ఆగింది. విన్న మెప్పు కాస్తా అతనికి విషమైపోయింది.

"ఆ ఎడమచేతి మొనగాడి గుర్తుగానా? ఇంకా ఎన్నాళ్లు మోస్తావు అతన్ని?"

"ఆయనది కుడిచేతి వాటమండీ." ఆమె చీరకొంగు బిగించి, దూలం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఆ మేకు వంకరపోతోంది. ఇటివ్వండి."

ఆమె సుత్తిని ఎడమచేత్తో అందుకుంది.