అత్తగారు నిద్రపోని పుస్తకం

మొదటి సంవత్సరం పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పడానికి ఏ పుస్తకం మంచిదో తేల్చే పని లెక్చరరమ్మ మీద పడింది. భోజనాలయ్యాక రోజుకొక పుస్తకం తీసి అత్తగారికి చదివి వినిపించసాగింది. ఏ పుస్తకానికి ఆవిడ నిద్రపోకుండా ఉంటే అదే మంచి పుస్తకమని లెక్క.

మొదటిదానికి ‘సగటు’ దగ్గరే గురక మొదలైంది. రెండోదానికి ముందుమాటలోనే తల వాలిపోయింది. రంగుల బొమ్మలున్నదానికైతే కుర్చీలోంచి జారబోయి ఆగింది.

నీలం అట్ట పుస్తకానికి మాత్రం ఆవిడ కళ్ళింతలు చేసుకుని, పిడికిళ్ళు బిగించి అధ్యాయమంతా విన్నది. మధ్యలో “అమ్మో!” అని కూడా అంది.

“దొరికింది!” అని లెక్చరరమ్మ గంతేసింది. కాలేజీకి అదే తెప్పించింది.

పాఠం మొదలైన కాసేపటికే క్లాసు క్లాసంతా బెంచీల మీద వాలిపోయింది.

ఇంటికొచ్చి నిలదీసింది. “అత్తయ్యా, ఆ పుస్తకానికి మీరెలా మేలుకున్నారు?”

“పుస్తకం ఎవరు విన్నారమ్మా? ఆ రోజు పన్ను సలిపి ప్రాణం పోయిందనుకో. నువ్వలా మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు.”

మర్నాడు ఆమె పుస్తకం మూసేసి, జరిగిందంతా క్లాసులో చెప్పింది. ఒక్కరిని చూసి అందరూ అంతే అనుకోవడం ఎంత తప్పో వివరించింది. ఎవరూ కునుకు తీయలేదు.

“సందేహాలున్నాయా?” అని అడిగింది గర్వంగా.

వెనక బెంచీ అమ్మాయి లేచింది. “మేడమ్, ఆవిడకి పన్నునొప్పి తగ్గిందా?”

లెక్చరరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఇంటికి ఫోన్ చేయడానికి గబగబా బయటికి నడిచింది.