పెద్ద హాల్లో అమ్మ

"టై సరిగ్గా ఉందా?" థియో మళ్ళీ అడిగాడు. జార్జియా ఎండకి కోటు లోపల చొక్కా తడిసిపోతోంది.

"ఉందయ్యా. జనం చూసేది నీ టైని కాదు, మీ అమ్మని," అంది భార్య ఒడెల్.

చర్చి వ్యాను వెనక సీట్లో సెలూను లెస్టర్ పకపకా నవ్వాడు. మ్యూజియంలో నేను గీసిన బొమ్మ ఉందిరా అని థియో నలభై ఏళ్ళుగా అతని సెలూన్లో కూర్చుని చెబుతూనే ఉన్నాడు.

"నేలమాళిగలో ఎలకలు చూస్తున్నాయిలే. నల్లవాడి బొమ్మ పెద్ద హాల్లో పెట్టాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టిందిరా?" అనేవాడు లెస్టర్.

మొన్న మ్యూజియం నుంచి ఫోనొచ్చింది. "మీరు అప్పట్లో ఊరికే ఇచ్చారే, ఆ కాన్వాసు పెద్ద హాల్లో పెట్టామండీ, రండి," అందో అమ్మాయి. థియో ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఆ మాట చెప్పాడు. ప్రార్థన కాగానే పాస్టరు వ్యాను తీయించాడు.

"ఇంతకీ ఎలా గీశావురా అమ్మని?" వ్యానులో అడిగాడు లెస్టర్.

"పసుపు గౌనులో, తెల్లవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నట్టు. కాన్వాసు కొనే తాహతెక్కడిది? నేను ఊడ్చే ఆర్టు కాలేజీలో హోల్ట్ మాస్టారు ఏదో గీసి, నచ్చక చెత్తలో పడేశాడు. తెచ్చుకుని, తిప్పి వెనకవైపు గీశా."

"వాళ్ళ చెత్తే మనకి మహాప్రసాదం," అన్నాడు లెస్టర్.

హాల్లో ఎదురుగోడ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. థియో టై ఇంకోసారి సవరించుకున్నాడు.

లెస్టర్ టోపీ తీశాడు. "తప్పయిందిరా. ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించుకు తిన్నాను."

"ముందు చూసి ఏడు," అన్నాడు థియో. నలభై ఏళ్ళ అక్కసూ ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

"కాస్త దారివ్వండమ్మా, బొమ్మ గీసినాయన వచ్చాడు," అంది ఒడెల్.

ముందున్న తెల్లావిడ వెనక్కి తిరిగి, థియోని ఎగాదిగా చూసింది.

"హోల్ట్ గారు పోయి చాలా ఏళ్ళయిందండీ," అంది మర్యాదగానే. "ఈ బొమ్మ కూడా ఉందని మొన్నమొన్నటిదాకా ఎవరికీ తెలీదట."

ఆవిడ పక్కకి జరిగింది. బంగారురంగు ఫ్రేములో ఒక గిన్నె, అందులో నాలుగు బేరిపళ్ళు ఉన్నాయి. కింద హోల్ట్ పేరు ఉంది.

అమ్మ గోడవైపు తిరిగి ఉంది.