సౌండ్ చెక్‌లో గంగమ్మ

"లీవు లేదంటే లేదు కనకవ్వా. నీకొక్కదానికి ఇస్తే రేప్పొద్దున ఇరవై మంది వచ్చి నిలబడతారు నా ముందర," అని కడప నుంచి వచ్చిన సూపర్‌వైజర్ రామసుబ్బయ్య లీవు కాగితం తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేశాడు. అలా పెట్టడం ఇది మూడోసారి.

కనకవ్వ కదల్లేదు. వచ్చే నెలలో కూతురు కవితకు తొలికాన్పు. తల్లి పక్కన లేకుండా తొలికాన్పేమిటి సారూ అని అడిగింది. చలికాలం ప్రోగ్రాములన్నీ అయ్యేదాకా, అంటే ఫిబ్రవరి దాటేదాకా, సెలవులు ఆపమని స్టేజీలు కట్టే వాళ్ల కంపెనీ చెప్పింది. మరీ అవసరమైతే ఒకరిద్దరికి ఇచ్చే అధికారం ఆయనకుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టే ఆయన ఎవరికీ ఇవ్వడు.

స్టేజీ మీద కార్పెట్‌కు మేకులు కొడుతున్న మల్లేశానికి ఇదంతా వినబడుతూనే ఉంది. కనకవ్వది వాళ్ల పక్కూరే, సిన్నమ్మా అని పిలుస్తాడు. కడుపు మండింది. కానీ సూపర్‌వైజర్‌ను ఏమనగలడు? అంటే రేపు తన డ్యూటీ ఎండలోకి మారుతుంది.

ఆ సాయంత్రం ఒమన్‌లోని అల్ మవాలేలో, ఒక ఫంక్షన్ హాలు లాన్‌లో ప్రోగ్రాం. ట్రంపెట్ ఊదే ఆయన పేరు బంకోలే, లాగోస్ మనిషి. అక్కడి యొరుబా తెగ వాళ్లు దేవతలకు పాడుకునే పాటల్ని జాజ్‌లో కలిపి, ఈ కాలం కుర్రకారు ఎగిరే దరువు మీద ఊదుతాడట. పాపం, ఆయన డ్రమ్ములాయన విమానం లేటయింది, సాయంత్రానికి గానీ దిగడు. సౌండ్ చెక్ కోసం లాప్‌టాప్‌లోంచి వచ్చే దరువుకు రెండు ముక్కలు ఊదడం, తల అడ్డంగా ఊపి ఆపేయడం, ఇదే వరస. కూర లేని అన్నం తింటున్నట్టుంది ఆయన మొహం.

మల్లేశం చెయ్యి ఊరుకోలేదు. ఖాళీ పెయింట్ బకెట్ బోర్లించి, రెండు వైరింగ్ పైపు ముక్కలతో కొట్టాడు. నిజానికి కోపం తీర్చుకుందామనే. తీరా చూస్తే వచ్చింది వాళ్ల ఊళ్లో పోశమ్మ బోనం ముందు వేసే దెబ్బ. బంకోలే గిరుక్కున తిరిగాడు. మల్లేశం భయపడి పైపు ముక్కలు కింద పెట్టేశాడు.

బంకోలే తిట్టలేదు, పైకి రమ్మన్నాడు. అది ఎవరి దరువని అడిగాడు. అమ్మవారిదని మల్లేశం ఆరేళ్ల సైట్ ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. తన పాట కూడా ఒక తల్లిదేనని, పేరు ఓషున్ అని, నదిలో ఉంటుందని, దెబ్బ సరిగ్గా పడితే మనుషుల మీదికి దిగివస్తుందని ఆయన చెప్పాడు. మా దగ్గర సుత గంతేనని మల్లేశం ఉబ్బిపోయాడు.

ఇక మొదలుపెట్టారు. ట్రంపెట్ పిలుస్తుంటే బకెట్ బదులు పలికింది. లైట్లు కడుతున్న ఓంకార్ అవి వదిలేసి వచ్చాడు, మిగతావాళ్లు కుర్చీలు వదిలేసి వచ్చారు. కనకవ్వ కూడా కాగితం పట్టుకునే మెట్ల మీద కూర్చుంది. ఇన్నాళ్ల ఒమన్ బతుకులో మల్లేశానికి ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

పని ఆపి ఈ తమాషా ఏమిటని రామసుబ్బయ్య స్టేజీ ఎక్కాడు. ఆపమనడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మనిషి ఊగాడు. ఫైలు జారి పడింది. మరుక్షణం గుండెలదిరేలా కేక పెట్టి ఎగరడం మొదలుపెట్టాడు.

తల్లి దిగినప్పుడు దరువు ఆపకూడదు, ఆపితే కీడు. మల్లేశం తల దించుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. చిత్రం, బంకోలే కూడా ఆపలేదు. కనకవ్వ నీళ్ల సీసా తెచ్చి సూపర్‌వైజర్ కాళ్ల మీద పోసి, చేతులు జోడించింది.

"ఎవలు తల్లీ నువ్వు? ఏం గావాలె?"

"గంగమ్మనే! నీ బిడ్డ కాన్పు నాటికి నువ్వు ఊర్లో ఉండల్ల. లేకుంటే ఈ స్టేజీ మింద ఒక్క ప్రోగ్రాం జరగనీను."

సందు దొరికిందని ఓంకార్ ముందుకొచ్చి, మరి తన లీవు సంగతేమిటని అడిగాడు.

"రంజాన్ నెలలోనే పోయొస్తివి గదరా, ఇంగేం లీవు నీకు?"

ఓంకార్ రెండడుగులు వెనక్కేశాడు. తల్లికి రిజిస్టర్ సుత ఎరుకేనని లెంపలేసుకున్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ లీవు అడగలేదు.

రామసుబ్బయ్య కూలబడ్డాడు. నీళ్లు తాగించి, ఏం పలికాడో అందరూ తలా ఒక ముక్క చెప్పారు. తనకేమీ గుర్తు లేదని, అమ్మ మాట దాటేందుకు తానెంతవాణ్నని ఆయన నిట్టూర్చాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని కనకవ్వ కాగితం మీద సంతకం చేశాడు. ఇది అమ్మ ఇచ్చిన లీవు, దీన్ని చూసి మళ్లీ ఎవడైనా వచ్చాడో జాగ్రత్తని అందరికీ వినబడేలా చెప్పి వెళ్లిపోయాడు. కనకవ్వ ఆ కాగితం కళ్లకద్దుకుని, మల్లేశం తల నిమిరి, నవ్వుతూ ఏడ్చింది.

మల్లేశం కాళ్లు నేల మీద లేవు. తన చేతి దెబ్బకు కడప గంగమ్మ సముద్రం దాటి వచ్చింది మరి. చూశారా సారూ, మా తల్లి దిగిందని బంకోలేతో గొప్పగా అన్నాడు.

బంకోలే ట్రంపెట్ తుడుచుకుంటూ నవ్వాడు.

"మా దేశంలో వందమందికి దేవత రావడం చూశాను బ్రదర్. కానీ రాబోయే ముందు కళ్లజోడు తీసి, జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకున్న మనిషిని చూడటం మాత్రం ఇదే మొదటిసారి."